యాప్‌ల మధ్య రాయబారం: ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌లు కలిసి ఎలా పనిచేస్తాయి, వాటిని మన దారికి తెచ్చుకోవడం ఎలా

మొన్న మా బాబాయి ఊరి నుంచి ఫోన్ చేసి "ఒరేయ్, అడంగల్ పీడీఎఫ్ నొక్కితే ముందు రమ్మీ యాడ్ వస్తందిరా, అది మూస్తే ఇంకోటి వస్తంది, అడంగల్ మాత్రం కనపడట్లా, ఫోన్‌కి వైరస్ పట్టినట్టుంది, కొత్తది కొనేదా" అన్నాడు. వైరస్సూ లేదు గిరస్సూ లేదు. ఎప్పుడో ఎవరో ఆయన ఫోన్‌లో యాడ్లతో బతికే పీడీఎఫ్ రీడర్ ఒకటి వేశారు, ఫోన్ "దీన్ని దేంతో తెరవమంటారు" అని అడిగినప్పుడు ఆయన "ఆల్వేస్" నొక్కేశాడు, అంతే, అప్పట్నుంచి ఏ పీడీఎఫ్ ముట్టుకున్నా ఆ యాపే ఎదురొస్తోంది. ఫోన్లోనే చెప్తూ చేయించా, రెండు నిమిషాల్లో అయిపోయింది.

దేంతో తెరవాలి, ఎవరికి పంపాలి, ఏ యాప్‌తో డబ్బు కట్టాలి, ఇలా ఫోన్ మనల్ని రోజుకి పదిసార్లు అడుగుతుంది, మనం చూడకుండానే నొక్కేస్తాం. దాని వెనక ఏం జరుగుతోందో ఒక్కసారి తెలుసుకుంటే ఫోన్ తిక్క చాలావరకు కుదురుతుంది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఫోన్ పక్కన పెట్టుకుని చేస్కుంటూ చదవండి. ఫోన్ కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో పేర్లు కాస్త అటూ ఇటూ అవుతాయి, దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో కొట్టండి, నేనూ అదే చేస్తా.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్. ఒకే కంప్యూటర్‌ని పదిమంది వాడుకునేలా, ఒకరి ఫైళ్ళు ఇంకొకరు ముట్టుకోకుండా కట్టిన సిస్టం అది. ఆండ్రాయిడ్ చేసినవాళ్ళు ఏం చేశారంటే ఆ పదిమంది మనుషుల స్థానంలో యాప్‌లని పెట్టేశారు. ప్రతి యాప్‌కీ ఒక యూజర్ నెంబరు, దాని సొంత గది, సొంత తాళం. వాట్సాప్ గదిలోకి ఫోన్‌పే తొంగి చూడలేదు, ఫోన్‌పే గదిలోకి ఫ్లాష్‌లైట్ యాప్ వెళ్ళలేదు.

మరి ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని కూర్చుంటే పని ఎలా జరుగుతుంది? మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య ఉన్నాడు కాబట్టి. ఆ పేరయ్యే ఆండ్రాయిడ్ సిస్టం. ప్రతి యాప్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తన బయోడేటా పేరయ్య చేతిలో పెడుతుంది, దాన్ని మానిఫెస్ట్ అంటారు. "నేను ఫొటోలు తీసుకుంటాను, పీడీఎఫ్ తెరుస్తాను, ఫలానా రకం లింకులు నాకివ్వండి" అని అందులో రాసుకుంటుంది, ఆ రాతలకి ఇంటెంట్ ఫిల్టర్లని పేరు. ఇంకో యాప్‌కి పని పడినప్పుడు ఒక చీటీ రాసి పేరయ్యకి ఇస్తుంది, ఆ చీటీయే ఇంటెంట్. అందులో ఏం పని, ఏ రకం వస్తువు అన్నది ఉంటుంది కానీ ఎవరు చెయ్యాలో సాధారణంగా ఉండదు. పేరయ్య బయోడేటాలు తిరగేసి సరిపోయినవాళ్ళ జాబితా మన ముందు పెడతాడు, మనం ఒకరిని ఎంచుకుంటాం.

ఇక్కడ అసలు గొప్ప ఏంటంటే చీటీ రాసిన యాప్‌కి అవతల ఎవరున్నారో తెలియాల్సిన పనే లేదు. గ్యాలరీ యాప్ రాసినవాళ్ళకి రేపు పుట్టబోయే మెసేజింగ్ యాప్ పేరు తెలీదు, అయినా అది ఇన్‌స్టాల్ చేసిన రోజునే గ్యాలరీ షేర్ జాబితాలో కనపడుతుంది. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చిన నాటి నుంచీ పద్ధతి ఇదే. ఐఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ షేర్ జాబితాలోకి సొంతంగా వచ్చి కూర్చోవడం, బయటివాళ్ళ కీబోర్డు వేసుకోవడం లాంటివి 2014లో ఐఓఎస్ 8తో గానీ రాలేదు, బ్రౌజర్ మార్చుకోవడం అయితే 2020 దాకా కుదర్లేదు.

ఇంకొక్క ముక్క, ఇది తెలిస్తే తర్వాత చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. ఈ చీటీల్ని మోసే పోస్ట్‌మాన్ పేరు బైండర్. వాడి సంచి చాలా చిన్నది, సుమారు 1 ఎంబీ, అందులోనే ఆ యాప్ చీటీలన్నీ సర్దుకోవాలి. మరి మీ కెమెరా తీసిన 5 ఎంబీ ఫొటో ఎలా పడుతుంది? పట్టదు. ఫొటో అసలు వెళ్ళదు. "ఫొటో నా గదిలో ఫలానా చోట ఉంది, ఇదిగో తాత్కాలిక తాళంచెవి, ఈ ఒక్క ఫొటో మాత్రం చూసుకో" అని ఒక అడ్రసు వెళ్తుంది. అవతలి యాప్‌లో ఆ స్క్రీన్ మూసెయ్యగానే మామూలుగా ఆ తాళంచెవి పనిచెయ్యదు. అందుకే మంచి యాప్‌లు ఫైల్ అందగానే తమ గదిలోకి ఒక కాపీ తీసిపెట్టుకుంటాయి, తీసుకోని యాప్‌లో మర్నాడు చూస్తే "ఫైల్ దొరకలేదు" అని వస్తుంది. పాతరోజుల్లో ఇలా కాదు, ఫైల్ ఎక్కడుందో దారి చెప్పేసేవాళ్ళు, దాన్ని తీసుకోడానికి అవతలి యాప్‌కి మెమరీ కార్డు మొత్తానికి పర్మిషన్ ఇవ్వాల్సొచ్చేది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 ఆ అలవాటుకి అడ్డుకట్ట వేసింది, ఉట్టి దారి పంపే కొత్త యాప్‌ని అక్కడికక్కడే క్రాష్ చేసేస్తుంది.

1. షేర్ జాబితాని ముందు శుభ్రం చేస్కోండి

గ్యాలరీలో ఏదో ఒక ఫొటో తెరిచి షేర్ నొక్కండి. పైన మనుషుల బొమ్మలు, కింద యాప్‌ల బొమ్మలు వస్తాయి. మీరు ఎక్కువగా వాడే యాప్ బొమ్మ మీద వేలు పెట్టి కాసేపు అలానే ఉంచండి, చాలా ఫోన్లలో "పిన్" అని వస్తుంది, అది నొక్కితే ఆ యాప్ ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. నేను వాట్సాప్, మెయిల్, డ్రైవ్ పిన్ చేస్కున్నా, ఇంక వెతుక్కోవడం పోయింది.

పైన వచ్చే మనుషుల వరస ఒకప్పుడు షేర్ నొక్కాక రెండు మూడు సెకన్లకి వచ్చేది, మనం ఒకరిని నొక్కబోయేలోపు బొమ్మలు జరిగిపోయి ఇంకొకరికి వెళ్ళిపోయేది, ఆఫీసు ఫొటో అత్తగారికి పోయిన సందర్భాలు అందరికీ ఉండే ఉంటాయి. అప్పట్లో సిస్టం మనం షేర్ నొక్కాక ఒక్కో యాప్‌ని లేపి "మీ దగ్గర ఎవరెవరున్నారు" అని అడిగేది. ఆండ్రాయిడ్ 10 నుంచి యాప్‌లే ముందుగా ఆ పేర్లు సిస్టంకి ఇచ్చి పెట్టుకునే పద్ధతి వచ్చింది, అందుకే ఇప్పుడు తొందరగా వస్తున్నాయి.

మీకు కావల్సిన యాప్ జాబితాలో రాకపోతే కారణం ఎక్కువసార్లు రెంటిలో ఒకటి. ఒకటి, ఆ యాప్ బయోడేటాలో ఆ రకం వస్తువు రాసుకోలేదు. ఉట్టి అక్షరాలు మాత్రమే తీసుకునే నోట్స్ యాప్ ఫొటో షేర్ చేస్తే కనపడదు, లింకు షేర్ చేస్తే కనపడుతుంది. ఒక ఫొటో అయితే తీసుకుని, ఐదు కలిపి ఇస్తే మాయమయ్యే యాప్‌లూ ఉన్నాయి, ఎందుకంటే ఒకటి పంపడానికీ చాలా పంపడానికీ చీటీలు వేరు, రెండోది రాసుకోవడం ఆ యాప్ చేసినవాళ్ళు మర్చిపోయుంటారు. అప్పుడు ఒక్కొక్కటే పంపి చూడండి. రెండో కారణం, మీరు చూస్తున్నది సిస్టం ఇచ్చిన జాబితా కాదు, యాప్ తనే గీసుకున్న జాబితా. యూట్యూబ్ లాంటివి సొంత జాబితా చూపిస్తాయి, దాని చివర "మోర్" అనో మూడు చుక్కలో ఉంటుంది, అది నొక్కితే అసలు పేరయ్య బయటికొస్తాడు.

ఫొటోని వాట్సాప్‌కి షేర్ చేస్తే కుదించి పంపుతుంది అని తెలిసిందేగా. ఆధార్ స్కాను, పరీక్ష మార్కుల షీటు లాంటివి అక్షరాలు అలుక్కుపోకూడదంటే వాట్సాప్‌లోపలికి వెళ్ళి పిన్ను గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి.

2. బాబాయి జబ్బుకి మందు: డిఫాల్ట్ యాప్‌లు

ఫోన్ "దేంతో తెరవాలి" అని అడిగినప్పుడు కింద రెండు బటన్లుంటాయి, "జస్ట్ వన్స్", "ఆల్వేస్". కొత్త యాప్ అయితే నాలుగు రోజులు జస్ట్ వన్స్ నొక్కుతూ చూడండి, నచ్చాకే ఆల్వేస్.

ఇప్పటికే ఆల్వేస్ నొక్కేసి ఇరుక్కుని ఉంటే ఇలా చెయ్యండి. సెట్టింగ్స్, అందులో యాప్స్, అందులో మిమ్మల్ని విసిగిస్తున్న యాప్ పేరు నొక్కండి. కిందకి వెళ్తే "ఓపెన్ బై డిఫాల్ట్" అని ఉంటుంది, శాంసంగ్‌లో అయితే "సెట్ యాజ్ డిఫాల్ట్" అంటారు. అది తెరిచి "క్లియర్ డిఫాల్ట్స్" నొక్కండి. ఇప్పుడు మళ్ళీ పీడీఎఫ్ నొక్కితే ఫోన్ కొత్తగా అడుగుతుంది. బాబాయికి అయితే దాంతో ఆగకుండా ఆ రీడర్ మొత్తం తీయించేశా, ఎందుకంటే మళ్ళీ ఆల్వేస్ నొక్కుతాడని నాకు తెలుసు.

ఏ యాప్ అడ్డం పడుతోందో కూడా తెలీని పరిస్థితి అయితే సెట్టింగ్స్‌లో "రీసెట్ యాప్ ప్రిఫరెన్సెస్" అని వెతకండి. ఫొటోలు, మెసేజ్‌లు ఏవీ పోవు, కాకపోతే డిఫాల్ట్‌లు, ఆఫ్ చేసిన నోటిఫికేషన్లు, మీరు ఆపేసిన యాప్‌లు అన్నీ మొదటికొస్తాయి, కాబట్టి ఇది ఆఖరి మందు.

ఇవి కాక సెట్టింగ్స్‌లో "డిఫాల్ట్ యాప్స్" అని వేరే పేజీ ఉంటుంది, అందులో బ్రౌజర్, ఫోన్, ఎస్సెమ్మెస్, హోమ్ స్క్రీన్, అసిస్టెంట్ లాంటి పెద్ద ఉద్యోగాలుంటాయి. వీటికి ఒక్కోదానికి ఒక్కరే. ఎస్సెమ్మెస్ సంగతే తీస్కోండి, 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4కి ముందు పర్మిషన్ ఉన్న ఏ యాపైనా మీ మెసేజ్‌ల డబ్బాలో రాయగలిగేది, తుడిపెయ్యగలిగేది కూడా. ఆ తర్వాత నుంచి రాయడం తుడవడం డిఫాల్ట్ ఎస్సెమ్మెస్ యాప్ ఒక్కదానికే. మీకు తెలీని పేరేదైనా ఆ స్థానంలో కనపడితే వెంటనే మార్చెయ్యండి, ఓటీపీలన్నీ దాని చేతిలో ఉన్నట్టే.

3. లింకు నొక్కితే ఎక్కడికి పోవాలి

లింకుల గొడవ కొంచెం వేరు. పాత ఆండ్రాయిడ్‌లలో ఏ యాపైనా "ఈ వెబ్‌సైట్ లింకులు నాకివ్వండి" అని బయోడేటాలో రాసుకోవచ్చు, సైట్‌కీ యాప్‌కీ సంబంధం లేకపోయినా జాబితాలోకి వచ్చేసేది. ఇప్పుడు రెండు వైపులా ఒప్పుకోవాలి. యాప్ "ఈ సైట్ నాది" అంటుంది, సైట్ కూడా తన సర్వర్‌లో అందరికీ తెలిసిన చోట ఒక చిన్న ఫైల్ పెట్టి, అందులో ఆ యాప్ సంతకం తాలూకు వేలిముద్ర రాసి "అవును, ఈ యాప్ మాదే" అనాలి. ఫోన్ ఆ రెండూ కలిపి చూస్తుంది. ఈ ఏర్పాటు 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది, 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక గట్టి చేశారు, ధ్రువీకరణ లేని యాప్‌కి సైట్ లింకులు ఇక ఊరికే ఇవ్వరు, బ్రౌజర్‌కే పోతాయి. బ్యాంకు సైట్ పేరుతో దొంగ యాప్ ఒకటి మధ్యలో దూరి లింకు ఎగరేసుకుపోయే దారి దీంతో మూసుకుపోయింది.

మీకు కావల్సినట్టు మార్చుకోవాలంటే సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్, ఓపెన్ బై డిఫాల్ట్. అక్కడ "ఓపెన్ సపోర్టెడ్ లింక్స్" అని స్విచ్ ఉంటుంది. ఆఫ్ చేస్తే ఆ యాప్ లింకులు ఇకనుంచి బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. షాపింగ్ యాప్‌లకి నేను ఇది ఆఫ్‌లోనే ఉంచుతా, వాట్సాప్‌లో ఎవరో పంపిన చీర లింకు నొక్కి యాప్‌లోకి వెళ్తే గంట తర్వాత గానీ బయటికి రాను కాబట్టి. ఆ కిందే "యాడ్ లింక్" ఉంటుంది, యాప్ అడిగినా ధ్రువీకరణ కాని సైట్లని మీరే ఒప్పుకుని చేర్చడానికి. ఫోన్‌లో ఉచిత యాప్‌ల స్టోర్ ఎఫ్‌డ్రాయిడ్ నుంచి తెచ్చుకున్న యాప్‌లకి ఇది తరచూ కావాల్సొస్తుంది.

లింకు బ్రౌజర్‌లో కాకుండా యాప్ కడుపులోనే తెరుచుకుని మళ్ళీ లాగిన్ అడిగితే చిరాకొస్తుంది కదా, దానికి కారణం యాప్‌లోపలి బ్రౌజర్‌కి మీ అసలు బ్రౌజర్‌లో ఉన్న లాగిన్‌లు తెలీవు. పై మూలన మూడు చుక్కలు నొక్కి "బ్రౌజర్‌లో తెరువు" అన్నది ఎంచుకోండి. పాస్‌వర్డ్ మాత్రం యాప్ కడుపులో తెరుచుకున్న పేజీలో కొట్టకండి, ఆ పేజీలో మీరు కొట్టేది చూడాలనుకుంటే ఆ యాప్ చూడగలదు.

4. ఫైళ్ళు: మొత్తం ఇల్లు కాదు, ఒక్క గిన్నె ఇవ్వండి

యాప్ "ఫొటోలన్నిటికీ అనుమతి ఇవ్వండి" అంటే చాలామంది అలౌ నొక్కేస్తారు. అవసరం లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫొటో పికర్ అని ఉంది, కొన్ని పాత వెర్షన్లకి కూడా ఇచ్చారు. అది యాప్‌ది కాదు, సిస్టంది. మీరు అందులో రెండు ఫొటోలు ఎంచుకుంటే యాప్‌కి ఆ రెండే అందుతాయి, మిగతా రెండువేలు ఉన్నాయని కూడా దానికి తెలీదు. ఆండ్రాయిడ్ 14లో అయితే పర్మిషన్ అడిగినప్పుడే "కొన్ని ఫొటోలు మాత్రం" అనే మాట ఉంటుంది, అదే నొక్కండి.

ఫైళ్ళకి కూడా ఇలాంటి కిటికీ 2013 నుంచే ఉంది. ఏదైనా యాప్‌లో ఫైల్ అప్‌లోడ్ నొక్కితే వచ్చే తెల్ల కిటికీలో ఎడమ పైన మూడు గీతలు ఉంటాయి చూడండి, అది నొక్కినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. నొక్కితే పక్కనుంచి ఒక అర తెరుచుకుంటుంది, అందులో డౌన్‌లోడ్స్ కింద గూగుల్ డ్రైవ్, ఇంకా మీరు వేసుకున్న క్లౌడ్ యాప్‌లు వరసగా ఉంటాయి. డ్రైవ్‌లో ఉన్న సర్టిఫికెట్‌ని ఫోన్‌లోకి దింపి, మళ్ళీ వెతికి, మళ్ళీ ఎక్కించే కష్టం లేకుండా నేరుగా అక్కడ్నుంచే ఇచ్చెయ్యొచ్చు. కాలేజీ అడ్మిషన్ల టైములో మా చెల్లికి ఇది చూపిస్తే "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నయ్యా" అని తిట్టింది.

5. అన్ని యాప్‌లలోకీ దూరే యాప్‌లు: కీబోర్డు, గొంతు, డిక్షనరీ

తెలుగువాళ్ళకి ఈ ఏర్పాటు వల్ల కలిగిన పెద్ద లాభం కీబోర్డు. బయటివాళ్ళు చేసిన కీబోర్డు వేసుకునే వీలు 2009లో ఆండ్రాయిడ్ 1.5తోనే వచ్చింది. కీబోర్డు అనేది కూడా ఒక మామూలు యాపే, కాకపోతే టైప్ చెయ్యాల్సిన చోటల్లా సిస్టం దాన్ని పిలుస్తుంది. ఫేస్‌బుక్ వాళ్ళు తెలుగు టైపింగ్ పెట్టారా, బ్యాంకు వాళ్ళు పెట్టారా అని చూడక్కర్లేదు, ఒక్కసారి తెలుగు కీబోర్డు వేసుకుంటే అన్నిటికీ సరిపోతుంది. గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు ఉంది, నోటితో చెప్తే రాసేది కూడా. తాము కొట్టేది గూగుల్‌కి ఇవ్వడం ఇష్టంలేనివాళ్ళకి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ళు చేసిన ఇండిక్ కీబోర్డ్ ఉంది, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్నది.

కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు ఫోన్ ఒక హెచ్చరిక చూపిస్తుంది, మీరు కొట్టే పాస్‌వర్డ్‌లతో సహా అంతా ఇది చూడగలదు అని. అది బెదిరింపు కాదు, నిజమే. రంగురంగుల బొమ్మల కీబోర్డులు, అక్షరాలు మెరిసే కీబోర్డులు అని దొరికినవన్నీ వేసుకోకండి.

రెండోది, చాలామంది వాడనిది. ఏ యాప్‌లోనైనా ఒక మాట మీద వేలు నొక్కిపెడితే కాపీ, షేర్ అని చిన్న పట్టీ వస్తుంది కదా, దాని చివర మూడు చుక్కలు నొక్కండి. ట్రాన్స్‌లేట్ యాప్ ఉంటే "ట్రాన్స్‌లేట్" అని, వికీపీడియా యాప్ ఉంటే "వికీపీడియాలో వెతుకు" అని కనపడతాయి. ఇంగ్లీషు పేపర్లో తెలీని మాట వస్తే బయటికి వెళ్ళక్కర్లేకుండా అక్కడే అర్థం చూసుకోవచ్చు. ఇదీ చీటీల పద్ధతే, "ఈ మాట తీసుకుని ఏదన్నా చెయ్యగలిగేవాళ్ళెవరు" అన్న చీటీ.

మూడోది గొంతు. సెట్టింగ్స్‌లో "టెక్స్ట్ టు స్పీచ్" అని వెతికి తెలుగు గొంతు దింపుకోండి. ఆ తర్వాత చదివి వినిపించే సదుపాయం ఉన్న యాప్‌లు ఆ గొంతునే వాడుకోగలవు. కంటిచూపు తగ్గిన మా అమ్మమ్మకి మెసేజ్‌లు ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తోంది, "ఈ పిల్లకి ఒత్తులు సరిగ్గా పలకవు" అని దాన్ని సరిదిద్దుతూ ఉంటుంది.

6. యూపీఐ: డబ్బు కూడా ఒక చీటీయే

షాపు యాప్‌లో "యూపీఐతో కట్టు" నొక్కితే ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ అని జాబితా వస్తుంది కదా, అది కూడా ఇందాకటి పేరయ్యే. 2016లో మన దేశంలో చెల్లింపుల వ్యవస్థ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ యూపీఐ మొదలుపెట్టినప్పుడు ఒక ఒప్పందం పెట్టుకున్నారు, యూపీఐ అని మొదలయ్యే ఒక లింకు, అందులో ఎవరికి, ఎంత, ఎందుకు అన్న వివరాలు. ఏ షాపైనా ఆ లింకు రాయొచ్చు, ఏ పేమెంట్ యాపైనా చదవొచ్చు. కూరగాయల బండి మీద అంటించిన క్యూఆర్ బొమ్మలో ఉండేది కూడా ఆ లింకే. అందుకే ఒక కంపెనీ ఇచ్చిన స్టిక్కర్‌ని ఇంకో కంపెనీ యాప్‌తో స్కాన్ చేసినా డబ్బు వెళ్తుంది. నమ్మకపోతే పేమెంట్ యాప్ కాకుండా మామూలు క్యూఆర్ స్కానర్‌తో ఒకసారి చూడండి, యూపీఐ అడ్రసు, దుకాణం పేరు అక్షరాల్లో కనపడతాయి.

మీ పేమెంట్ యాప్ ఒక షాపు యాప్‌లో కనపడట్లేదా? 2020లో ఆండ్రాయిడ్ 11 వచ్చేదాకా ఏ యాపైనా మీ ఫోన్‌లో ఏమేం యాప్‌లున్నాయో మొత్తం జాబితా అడిగి తీస్కునేది, దాన్నిబట్టి మీరెలాంటి మనిషో లెక్కగట్టేవాళ్ళు. ఇప్పుడు తను వెతికే యాప్‌ల పేర్లో, వెతికే పనో ముందే బయోడేటాలో రాసుకోవాలి. కొన్ని షాపులు నాలుగు పెద్ద పేర్లు మాత్రం రాసుకుని ఊరుకుంటాయి. అలాంటప్పుడు "అదర్ యూపీఐ యాప్స్" అన్నది ఉంటే నొక్కండి, లేదంటే ఆ షాపు చూపించే వేరే దారిలో కట్టండి.

ఇప్పుడు అందరినీ ఏడిపించే సంగతి. డబ్బు కట్ అయ్యింది, షాపు యాప్‌లో మాత్రం "ఫెయిల్డ్" అని ఉంది. కిందటి ఏడాది ఒక టికెట్ల యాప్‌లో నాకు సరిగ్గా ఇదే జరిగింది, కంగారులో రెండోసారి కట్టేశా, రెండు టికెట్లు వచ్చాయి. ఏం జరుగుతుందంటే షాపు యాప్ చీటీ ఇచ్చి పేమెంట్ యాప్‌ని ముందుకి పిలుస్తుంది, తను వెనక్కి వెళ్ళి జవాబు కోసం కూర్చుంటుంది. మీరు పిన్ కొట్టేలోపు మెమరీ చాలకో, బ్యాటరీ మిగిల్చే పిచ్చితోనో ఫోన్ ఆ వెనకున్న యాప్‌ని చంపేస్తే పేమెంట్ యాప్ తెచ్చిన జవాబు తీసుకోడానికి అక్కడ ఎవరూ ఉండరు. డబ్బు బ్యాంకుల మధ్య దాని దారిన అది వెళ్ళిపోయింది, షాపు సర్వర్‌కి కబురు వేరే దారిలో కొంచెం ఆలస్యంగా అందుతుంది. కాబట్టి మళ్ళీ కట్టకండి. ముందు పేమెంట్ యాప్ హిస్టరీలో చూడండి, తర్వాత షాపు యాప్‌లో ఆర్డర్ల పేజీ ఒకసారి కిందకి లాగి రిఫ్రెష్ చెయ్యండి, కొద్దిసేపు ఆగండి. ఇలా తరచుగా అవుతుంటే సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్, బ్యాటరీలోకి వెళ్ళి "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టి చూడండి.

ఒక జాగ్రత్త. ఇందాక చెప్పిన వెబ్‌సైట్ లింకులకి యజమాని ఉన్నాడు, సంతకం చూస్తారు. యూపీఐ లింకుకి అలా ఒక యజమాని లేడు, ఏ యాపైనా "నేనూ యూపీఐ చదువుతాను" అని రాసుకుని ఆ జాబితాలో నిలబడొచ్చు. కాబట్టి జాబితాలో మీరు వెయ్యని పేరు కనపడితే నొక్కకండి, అది ఎక్కడ్నుంచి వచ్చిందో ముందు చూడండి. డబ్బు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదన్నది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

7. దొంగలు వచ్చే తలుపులు

ఇంత కలుపుగోలుతనం ఉన్న ఇంట్లో దొంగలు కూడా కలిసిపోతారు. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు అవే. శుభలేఖ ఎప్పుడూ ఫొటోనో పీడీఎఫ్‌ఫో వీడియోనో అవుతుంది, ఏపీకే అంటే యాప్, శుభలేఖకి ఇన్‌స్టాల్ అవ్వాల్సిన పనేంటి?

సెట్టింగ్స్‌లో "స్పెషల్ యాప్ యాక్సెస్" అని వెతికి అందులో ఈ మూడూ ఇవాళే చూడండి: "నోటిఫికేషన్ యాక్సెస్", "డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్", "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్". మొదటిది ఉన్న యాప్ మీ నోటిఫికేషన్లు చదవగలదు, అందులో ఓటీపీ ఉంటే చాలా ఫోన్లలో అదీ పోయినట్టే. రెండోది ఉన్నది ఇంకో యాప్ మీద ముసుగు వెయ్యగలదు. మూడోది వాట్సాప్‌కి గానీ, మెయిల్‌కి గానీ, బ్రౌజర్‌కి గానీ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసెయ్యండి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి ఇన్‌స్టాల్ చేసుకున్న యాప్‌లలో ఏవేవి ఆన్‌లో ఉన్నాయో చూడండి. చూపులేనివాళ్ళ కోసం చేసిన తలుపు అది, దాంట్లోంచి స్క్రీన్ మొత్తం చదవొచ్చు, మీ బదులు బటన్లు కూడా నొక్కొచ్చు, అన్నిటికంటే ప్రమాదం అదే. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేలకి ఆ తలుపు నేరుగా తెరవనివ్వకుండా "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని ఆపుతుంది, దొంగలేమో ఫోన్ చేసి మరీ దాన్ని ఎలా దాటాలో మనచేత చేయిస్తారు. అలా ఎవరైనా చెప్తుంటే ఫోన్ పెట్టెయ్యండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి.

8. లాప్‌టాప్‌తో కలపడం

ఫోన్‌నీ లాప్‌టాప్‌నీ కలిపే కేడీఈ కనెక్ట్ అనే యాప్ వేస్కోండి, ఉచితం, కోడ్ తెరిచే ఉంటుంది. ఫోన్‌లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి వేసి, రెండూ ఒకే వైఫైలో ఉంచి, పెయిర్ నొక్కి, రెండో వైపు ఒప్పుకుంటే అయిపోయింది. ఇక ఫోన్ షేర్ జాబితాలో మీ లాప్‌టాప్ కూడా వస్తుంది, ఫొటో నొక్కితే నేరుగా అక్కడ పడుతుంది, మధ్యలో ఇంటర్నెట్ అవసరం లేదు. కనెక్ట్ అవ్వకపోతే ఎక్కువసార్లు లాప్‌టాప్ ఫైర్‌వాల్ అడ్డు, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లని ఆపే కాపలావాడు, వాడి సెట్టింగ్స్‌లో 1714 నుంచి 1764 దాకా పోర్టులు, అంటే ఆ నెంబర్ల తలుపులు, తెరవాలి. హాస్టల్ వైఫైలో కుదరకపోవచ్చు, అక్కడ ఒక ఫోన్‌కి ఇంకోటి కనపడకుండా కట్టేస్తుంటారు, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌ని దానికి కలిపి చూడండి.

9. గూగుల్ లేకుండా ఇదంతా నడుస్తుందా

చాలావరకు నడుస్తుంది. చీటీలు, షేర్ జాబితా, డిఫాల్ట్‌లు, కీబోర్డు పిలుపు, ఫైళ్ళ కిటికీ, ఇవన్నీ ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోనే ఉన్నాయి, ఎవరైనా తీసుకుని సొంత సిస్టం కట్టుకోవచ్చు. లీనేజ్ ఓఎస్, గ్రాఫీన్ ఓఎస్ అలాంటివే. నడవనివి గూగుల్ ప్లే సర్వీసెస్ మీద, అంటే ఫోన్‌లో వెనకాల నడిచే గూగుల్ సొంత సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడ్డవి. చాలా యాప్‌ల నోటిఫికేషన్లు గూగుల్ సర్వర్ల దారిలోనే వస్తాయి, అది లేకపోతే యాప్ తెరిచేదాకా మెసేజ్ రాకపోవచ్చు. కొన్ని బ్యాంకు యాప్‌లు ఫోన్‌కి గూగుల్ ముద్ర ఉందా అని అడిగి, లేకపోతే తలుపేసేస్తాయి. మన దేశంలో ఫోన్ కంపెనీల మీద గూగుల్ పెట్టిన షరతులు తప్పని, వ్యాపారంలో పోటీ సవ్యంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, ఆ గొడవ తర్వాతే కొత్త ఫోన్‌లో ఏ సెర్చ్ ఇంజన్ కావాలో ఎంచుకునే మాట వచ్చింది.

చేసి చూద్దామనుకుంటే రోజూ వాడే ఫోన్ మీద చెయ్యకండి, డ్రాయర్లో పడున్న పాతది తీయండి. నేను అలాంటిదొకటి తీసి లీనేజ్ వేసి, గూగుల్ ఏమీ పెట్టకుండా ఎఫ్‌డ్రాయిడ్ యాప్‌లు మాత్రం వేశా. ఫొటో షేర్ చేస్తే జాబితా టకీమని వచ్చింది, తెలుగు కీబోర్డు అన్ని చోట్లా పలికింది, పీడీఎఫ్ తెరిచేటప్పుడు అదే ప్రశ్న, అవే రెండు బటన్లు. బ్యాంకు యాప్ మాత్రం తెల్ల స్క్రీన్ చూపించి మూసుకుంది. ఆ ఫోన్ ఇప్పుడు వంటింట్లో ఉంది, పొద్దున్నే అమ్మ దాంట్లో రేడియో పెట్టుకుంటుంది.